బ్రహ్మకమలమునకు క్రొత్త కుండీ

నాలుగు వానలు పడి నేల చల్లబడినంతనే మన పట్టణములలో ఏదో ఒక ఇంటి ముంగిట రాత్రి పది గంటల వేళ జనము గుమిగూడుట కద్దు. ఆ ఇంట బ్రహ్మకమలము పూయనున్నదని సాయంకాలమే ఇరుగుపొరుగులకు కబురు అందియుండును. పిల్లలు నిద్ర ఆపుకొని కూర్చుందురు. పెద్దలు హారతి పళ్లెముతో వత్తురు. మొగ్గ మెల్లమెల్లగా విచ్చి, వీధియంతటను పరిమళము నింపి, తెల్లవారునప్పటికి మెడ వాల్చి వ్రేలాడును. ఆ ఒక్క రాత్రి ముచ్చటను గూర్చి మనవారు చెప్పుకొను కథలు పెక్కు. కాని సంవత్సరము పొడుగునను ఆ మొక్కను మోయు కుండీని గూర్చి, కుండీలోని మట్టిని గూర్చి, మట్టిలోని వేళ్లను గూర్చి తలచువారు మిక్కిలి తక్కువ. ఈ వ్యాసమున ప్రస్తావింపదలచినది ఆ వేళ్ల సంగతి.

పేరు వెనుక కథ

ముందుగా పేరును విచారింతము. బ్రహ్మకమలమను పేరు గల మొక్కలు రెండు ఉన్నవి. ఆ రెంటికిని పరస్పర బాంధవ్యము లేదు. మొదటిది హిమాలయములలోనిది. సముద్రమట్టమునకు సుమారు 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున, రాళ్ల నడుమ, వర్షర్తువులో పూచును. శాస్త్రజ్ఞులు దానిని సాసూరియా ఓబ్వల్లేటా అందురు. అది పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. కాగితము వంటి లేత పసుపువన్నె దొప్పల నడుమ ఊదారంగు పూగుత్తి దాగియుండును. బదరీ కేదార క్షేత్రములలో అర్చనకు వాడునది అదియే. 2000 సంవత్సరమున ఏర్పడిన ఉత్తరాఖండ్ రాష్ట్రమునకు రాష్ట్ర పుష్పమును అదియే.

రెండవది మన కుండీలలోనిది. ఇది కమలము కాదు. హిమాలయములను ఎన్నడును చూచినది కాదు. ఇది జెముడు కుటుంబపు మొక్క. మెక్సికో మొదలుకొని మధ్య అమెరికా వరకు గల అడవులు దీని పుట్టినిల్లు. జెముళ్లలో ఒక్క జాతి తప్ప తక్కినవన్నియు అమెరికా ఖండములలోనే సహజముగా పుట్టినవి. కావున మన పూర్వులకు ఈ పూవు తెలిసియుండు అవకాశము లేదు. దీని శాస్త్రనామము ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. ఎపిఫిల్లమ్ అను పేరును 1812లో హావర్త్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పెట్టెను. గ్రీకు భాషలో ఎపి అనగా మీద, ఫిల్లాన్ అనగా ఆకు. ఆకు మీద పూచునది అని భావము.

ఇచ్చట ఒక చమత్కారమున్నది. మన పేరు తప్పని నవ్వుకొనువారు శాస్త్రనామమును కూడ ఒకసారి పరీక్షింపవలెను. ఈ మొక్కకు మనము ఆకు అనుకొనునది నిజమునకు ఆకు కాదు. అది చదునుగా పరచుకొనిన కాండము. ఆకు చేయవలసిన పనిని కాండమే నెత్తికెత్తుకొని పచ్చగా, పలుచగా మారినది. అంచున అలలవలె నొక్కులు కనబడును గదా; ఒక్కొక్క నొక్కులో ఒక్కొక్క కన్ను ఉండును. జెముడులో ముండ్లు పుట్టవలసిన చోటు అదియే. ఇందు ముండ్లకు మారుగా ఆ కంటినుండి మొగ్గ వచ్చును. కావున ఇది ఆకు మీద పూచునదియు కాదు, కొమ్మ అంచున పూచునది. పెద్దలు పెట్టిన పేరైనను పరీక్షకు నిలువవలెనని విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకుట కష్టము.

ఇతర దేశములవారు దీనిని తమ తమ రీతుల పిలుచుకొనిరి. జపాను వారు వెన్నెల సుందరి అను అర్థము వచ్చునట్లు గెక్కా బిజిన్ అందురు. సింహళమున ఇది కడుపుల్. చైనా భాషలో క్షణకాలపు వైభవమును దీని వికాసముతో పోల్చు నానుడి ఉన్నది. మలయాళమున నిశాగంధి అందురు. ఈ పేర్లన్నిటిలో నిశాగంధి నాకు మిక్కిలి నచ్చినది. అది పూవునకు లేని గొప్పను అంటగట్టదు. ఉన్న గుణమును చెప్పి ఊరకుండును. పుట్టినింట రాత్రిపూట తిరుగు పెద్ద రెక్కల చిమ్మటలను పిలుచుటకే ఈ తెలుపు, ఈ వాసన ఏర్పడినవి.

పేరు వలన మొక్కకు కలుగు నష్టమేమని అడుగవచ్చును. నష్టము కలదు. కమలమని నమ్మినవారు కుండీలో నీరు నిలిపి వేళ్లను కుళ్లబెట్టుదురు. జెముడని విన్నవారు మేడమీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టి కొమ్మలను మాడ్చుదురు. ఇరువురును మొక్కను ప్రేమించువారే. ఇరువురును పేరును బట్టి పెంచుచున్నారే గాని పుట్టుకను బట్టి పెంచుటలేదు.

పుట్టినింటి వాసము

దీని పుట్టుక ఎడారిలో కాదు, నేల మీదను కాదు. పెద్ద చెట్ల కొమ్మల పంగలలో, రాలిన ఆకులు చివికి చేరిన పిడికెడు మన్నులో, నాచు నడుమ ఇది వేళ్లూనును. అట్లని ఇది మన మామిడిచెట్టు మీది బదనిక వంటిది కాదు. బదనిక ఆశ్రయమిచ్చిన చెట్టు రసమునే పీల్చును. ఇది చెట్టును నిలుచు చోటుగా వాడుకొనునే గాని దాని సొమ్ము ముట్టదు. అద్దె ఇంటిలో మర్యాదగా కాపురముండువానివంటిది.

ఆ కొమ్మ పంగను ఒకసారి ఊహింపుడు. వాన కురియును, నీరు క్షణములో జారిపోవును. వేళ్లకు తడి అంటును గాని నీరు నిలువదు. మన్ను పలుచన, గాలి ధారాళము. పైన చెట్ల ఆకుల గొడుగు. ఎండ జల్లెడ పట్టినట్లు దిగును. చోటు ఇరుకు. ఈ నాలుగు విషయములు తెలిసినవానికి కుండీ మార్చు విధమంతయు తెలిసినట్లే: గాలియాడు మట్టి, నిలువని నీరు, ఇరుకైన చోటు, చెట్టునీడ.

ఈ మొక్కకు నీరు తక్కువ చాలుటకు మరియొక కారణమున్నది. సాధారణముగా మొక్కలు పగటివేళ పత్రరంధ్రములు తెరచి బొగ్గుపులుసు గాలిని గ్రహించును. ఆ తెరచిన రంధ్రములనుండి నీరు ఆవిరియై పోవును. ఇది అట్లుకాక, రాత్రి చల్లని వేళ రంధ్రములు తెరచి ఆ గాలిని మేలిక్ ఆమ్లముగా దాచుకొని, పగలు రంధ్రములు మూసికొని, వెలుతురు సాయమున దానినుండి తన ఆహారమును వండుకొనును. ఈ మర్మమునకు మొదటి జాడ దొరకినది మనదేశమున పెరుగు రణపాల ఆకులో. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో తూర్పు ఇండియా కంపెనీవారి తోటలను చూచిన బెంజమిన్ హేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగాను, మధ్యాహ్నము చప్పగాను, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉండునని గమనించి వ్రాసెను. ఆ లేఖ 1815 ప్రాంతమున లండనులో అచ్చయినది. రాత్రి చేరిన ఆమ్లము పగలు ఖర్చగుటయే ఆ రుచిభేదమునకు కారణమని తరువాతివారు తేల్చిరి. రణపాల కుటుంబమగు క్రాసులేసి పేరనే ఆ క్రియకు నామకరణము జరిగినది.

అమ్మ మొక్క

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఉన్నారు. ఆమె ఇంట బ్రహ్మకమలము తల్లిగారి నాటిది. తల్లి పోయి చాలకాలమైనది. మొక్క మాత్రము ప్రతి శ్రావణమునను పూచుచు వచ్చినది. తరువాత వరుసగా రెండు వానకాలములు మొగ్గలు పుట్టి చిటికెన వేలంత కాగానే రాలిపోయినవి. మూడవ యేట మొగ్గయే లేదు. పూచిన బ్రహ్మకమలము ఇంటికి శుభమని చెప్పువారే, పూయకుండుట అశుభమని కూడ చెప్పుదురు గదా! ఎవరో ఆ మాట ఆమె చెవిని వేసిరి. ఆమె దిగులుపడి, నీరు తగ్గినదేమోయని ఉదయము ఒక చెంబు, సాయంకాలమొక చెంబు పోయసాగిరి.

నన్ను పిలిచి చూపినప్పుడు కొమ్మల అడుగుభాగము మెత్తబడి గోధుమరంగుకు తిరిగియున్నది. కుండీ పెద్దది, సిమెంటుది. అడుగున రంధ్రమున్నదో లేదో తెలియదు. అందున్నది చెరువు నుండి తెచ్చిన నల్లని బంకమట్టి.

"దీన్ని కదపాలంటే భయంగా ఉంది మాస్టారూ! మా అమ్మ చేత్తో పెట్టిన మొక్క" అన్నారామె.

"కదపకపోతే నిలవదు టీచరుగారూ" అంటిని.

కుండీని ప్రక్కకు వాల్చి మట్టిని తీసినప్పుడు దుర్వాసన కొట్టినది. అడుగున రంధ్రము లేదు. వేళ్లలో ముప్పాతిక నల్లబడి, పట్టుకొనిన చేతికి తొడుగువలె ఊడివచ్చినవి. పైన రెండు కొమ్మలు మాత్రము గట్టిగా, పచ్చగా ఉన్నవి. వానిని కోసి వేరు చేయగా తల్లి మొక్కలో ఇక మిగిలినది లేదు.

"అయితే అమ్మ మొక్క పోయినట్టేనా?" అని ఆమె అడిగిరి.

ఈ ప్రశ్నకు ఓదార్పుగా కాక శాస్త్రముగానే సమాధానమున్నది. విత్తునుండి పుట్టినది బిడ్డ. కొమ్మ నాటగా పెరిగినది బిడ్డ కాదు, అదే మొక్క. గుణములలో వెంట్రుకవాసి తేడా ఉండదు. మన ఇండ్లలో బ్రహ్మకమలము కాయ కాచుట అరుదు; ఇంటినుండి ఇంటికి కొమ్మగానే ప్రయాణించుచున్నది. తల్లిగారు తమ కాలమున ఎవరెవరికి కొమ్మలిచ్చిరో ఆ ఇండ్లన్నిటను ఉన్నది ఆమె మొక్కయే. ఈ మాట చెప్పగా టీచరుగారు వ్రేళ్లు మడిచి లెక్కపెట్టుకొని, "నాలుగిళ్లలో ఉంది" అనిరి. ఆ రెండు కొమ్మలను ఆరబెట్టి రెండు చిన్న మట్టికుండీలలో నాటితిమి. మరుసటి యేడు పూయలేదు. ఆ పై వానకాలమున ఒకదానికి మూడు మొగ్గలు వచ్చి మూడును విచ్చినవి. ఇంటికి ఏ అశుభమును రాలేదు; వచ్చినదల్లా కుండీకి రంధ్రము లేకపోవుటయే.

ఎప్పుడు, ఏ కుండీలో

బ్రహ్మకమలమునకు రెండు మూడేండ్ల కొకసారి కుండీ మార్చిన చాలును. వేళ్లు కొంచెము ఇరుకున ఉన్నప్పుడే ఇది బాగుగా పూచును. కుండీ అడుగు రంధ్రమునుండి వేళ్లు వెలికివచ్చుట, పోసిన నీరు ఇంకక పైననే నిలుచుట, లేక మట్టి పిడచకట్టి కుండీ గోడను విడచుట: ఈ గురుతులు కనబడినప్పుడు మార్చవలెను. మొగ్గ మీద ఉన్నప్పుడు ఎంతమాత్రము కదపరాదు, మొగ్గలు రాలును. పూతకాలము ముగిసిన పిమ్మట కార్తీకమున గాని, ఎండలు ముదురక మునుపు మాఘ ఫాల్గుణములలో గాని చేయుట మేలు. వేళ్లు కుళ్లుచున్నచో మాత్రము కాలము చూడరాదు, ఆనాడే చేయవలెను.

క్రొత్త కుండీ పాతదానికంటె ఒకటి రెండు అంగుళములు మాత్రమే వెడల్పుగా ఉండవలెను. పెద్ద కుండీ ఇచ్చుట ప్రేమ అనుకొందురు గాని, వేళ్లు చేరని మట్టిలో నీటిని త్రాగువారుండరు. ఆ తడియే కుళ్లునకు మూలము. మట్టికుండీ శ్రేష్ఠము, దాని గోడలగుండ తడి ఆరును. కొమ్మలు పొడవుగా పెరిగి బరువు పైన ఉండును గనుక అడుగు వెడల్పైనది చూచుకొనవలెను.

కుండీ అడుగున గులకరాళ్లు పరచిన నీరు త్వరగా పోవునను నమ్మకము చాలమందికి ఉన్నది. ఇది సరికాదు. సన్నని మట్టినుండి పెద్ద రాళ్లలోనికి నీరు సులభముగా దిగదు. మట్టి పూర్తిగా తడిసి నిండువరకు రాళ్ల పైననే ఆగును. అందువలన తడిపొర వేళ్లకు మరింత దగ్గరకు వచ్చును. తరగతిలో దీనిని ఒక స్పంజితో చూపవచ్చును. స్పంజిని బాగుగా తడిపి అడ్డముగా పట్టుకొనుడు. నీరు కారి కారి ఆగును. ఆగిన పిమ్మట దానిని నిలువుగా త్రిప్పుడు. మరల నీరు కారును. స్పంజి మారలేదు, నీరు మారలేదు. ఎత్తు మాత్రము మారినది. కుండీలో మట్టి ఎత్తు తగ్గించు రాళ్లపొర మేలు చేయకపోగా కీడు చేయుటకు కారణమిదియే. మట్టి జారిపోకుండ రంధ్రము మీద ఒక్క పెంకుముక్కను వంపు పైకి ఉండునట్లు ఉంచిన చాలును.

మట్టి కలుపు విధము ఇది. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన ఆకు ఎరువు ఒక పాలు తీసికొని, వానికి కొబ్బరిపీచు ముక్కలు, బొగ్గుముక్కలు ఒక పాలు కలుపవలెను. కొబ్బరిపీచును రెండు మూడు సారులు నీటిలో నానబెట్టి పిండి వాడవలెను. అందులో ఉప్పు ఉండవచ్చును. నల్లరేగడిని, చెరువుమట్టిని వాడరాదు. తడిపిన మట్టిని గుప్పిట పట్టి వదలినప్పుడు ముద్ద నిలువక రాలిపోయినచో పాళము కుదిరినట్లు.

మార్చు క్రమము

మార్చుటకు మూడు నాలుగు దినముల ముందు నీరు మానవలెను. పొడి మట్టి వేళ్లను సులభముగా విడచును. కొమ్మలను ఒక గుడ్డతో వదులుగా చుట్టి కట్టి, కుండీని ప్రక్కకు వాల్చి, గోడను అరచేతితో తట్టి, మట్టిముద్దతో సహా మొక్కను వెలికి తీయవలెను. కొమ్మ పట్టి లాగరాదు.

తరువాత వేళ్లను చదువవలెను. తెల్లగానో లేత గోధుమవన్నెగానో ఉండి గట్టిగా ఉన్నవి మంచివి. నల్లగా, మెత్తగా, వాసన వేయుచున్నవి చెడ్డవి. చెడినవానిని నిప్పున కాచి చల్లార్చిన బ్లేడుతో మంచిభాగము కనబడువరకు కోసివేయవలెను. దూదివలె తెల్లని పిండినల్లి వేళ్లలో గాని కొమ్మల కీళ్లలో గాని ఉన్నదేమో చూచి కడిగివేయవలెను. పైపై పాతమట్టిని వ్రేళ్లతో విదల్చుట చాలును, ముద్దనంతటిని చీల్చనక్కరలేదు.

మొక్క మునుపు ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నిలుపవలెను. లోతుగా పాతిన కాండము కుళ్లును. చుట్టును మట్టి పోసి, కుండీని నేలకు రెండుసార్లు తట్టిన సర్దుకొనును, చేతితో కూరరాదు. నీటికొరకు పైన ఒక అంగుళము వదలవలెను. కొమ్మలకు ఒక వెదురుకర్ర ఊతమీయవలెను.

ఇక అందరును తొందరపడు ఘట్టము వచ్చినది. నాటినంతనే నీరు పోయుట మనకు అలవాటు. ఇచ్చట అది పనికిరాదు. తెగిన వేళ్ల గాయములు మానుటకు నాలుగైదు దినములు పొడిగా ఉంచవలెను. కొమ్మలలోని రసము అంతవరకు మొక్కను పోషించును. ఆ పిమ్మట అడుగునుండి కారువరకు ఒకసారి నీరు పోసి, పైమట్టి రెండంగుళములు ఆరినగాని మరల పోయరాదు. రెండు మూడు వారములు నీడలోను, తరువాత ఉదయపుటెండ మాత్రము తగులు చోటను ఉంచవలెను. ఒక నెలవరకు ఎరువు వలదు. ఎరువు మితిమీరిన కొమ్మలు ఏపుగా పెరుగును గాని పూత తగ్గును.

ముదిరిన కొమ్మలను అందముకొరకు కత్తిరించుట కొందరికి ముచ్చట. పూవు వచ్చునది ముదిరిన కొమ్మలనుండియే గనుక, చెడినవానిని తప్ప తక్కినవానిని ఉంచవలెను. తెగిపడిన మంచి ముక్కలను పారవేయకుడు. నీడలో ఒక వారము ఆరనిచ్చి, తల క్రిందులు కాకుండ రెండంగుళముల లోతున నాటినచో వేళ్లు పుట్టును. అవి పూచుటకు సాధారణముగా రెండు మూడేండ్లు పట్టును.

బడి వరండాలో

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపము. మీ బడి వరండాలో తూర్పు వెలుతురు తగులు చోట ఒక కొమ్మముక్కను నాటించుడు. కుండీ ప్రక్కన ఒక నోటుపుస్తకముంచి, నాటిన తేదీ, మొదటి చిగురు, మొదటి మొగ్గ, మొగ్గ కనబడిన నాటినుండి విచ్చువరకు పట్టిన దినములు, విచ్చిన గంట పిల్లలచేత వ్రాయించుడు. బ్రహ్మకమలము పండ్రెండేండ్ల కొకసారి పూయునని ఒకడు, కోరిన కోరిక తీర్చునని మరియొకడు ఇంటినుండి విని వచ్చును. వానిని కసరవలదు. పుస్తకము తెరచి, ఒకే యేట ఎన్ని మారులు పూచినదో వానినే లెక్కింపుమని చెప్పుడు. భక్తితో హారతి ఇచ్చువారు ఇత్తురుగాక; లెక్క తెలిసినంత మాత్రమున పూవు సువాసన తగ్గదు.

కుండీ మార్చిన నాడు మిగిలిన ముక్కలను పిల్లలకు పంచిపెట్టుడు. ఏ ముక్క ఎవరి ఇంటికి పోయినదో ఆ పుస్తకముననే చివరి పుటలో వ్రాసియుంచుడు. బడిలోని కుండీ ఏనాడైనను కుళ్లిపోయినచో, ఆ పుట చూచుకొని, అదే మొక్కను మరల అడిగి తెచ్చుకొనవచ్చును.